ప్రశ్న మాది

ఆ ముక్క మళ్ళీ చదువు గ్లైకోన్,
మెల్లగా. నా ఎడమచెవి మూతపడి మూడేళ్ళయింది.

"మీ పళ్ళెంలో ఎన్ని చేతులుంటే
అన్ని చేతులూ ఆయనవే."

సరే. ఇప్పుడు నీ వ్యాఖ్యానం చదువు.

చేతులంటే సత్క్రియలన్నావు.
పళ్ళెమంటే లోకమన్నావు.
'ఎన్ని' అన్న మాటలో ఏడు దాగుందనీ
ఏడంటే ఆకాశాలనీ...
బాగుంది నాయనా. అక్షరాలు కూడా కుదురుగా ఉన్నాయట.
కానీ నేనక్కడ ఉన్నాను.

చేతులంటే చేతులే.
మానెస్ చేతులు.

మన హియరాపొలిస్ అద్దకపువాడలో బానిస అతను.
మంజిష్ఠ వేళ్ళు దంచి, ఉడికించి,
వేడినీటి బుగ్గల కాలవలో ఉన్ని ముంచీ ముంచీ
మోచేతుల దాకా ఎర్రబారిన మనిషి.
ఎరుపొక్కటే అయితే ఎవరూ ఏమీ అనకపోదురు.
ఉన్ని జిడ్డు వదలడానికి పులిసిన మూత్రం తొట్టి ఉంటుంది కదా,
అందులో పొద్దంతా తొక్కేవాడు, పిండేవాడు.
ఆ వాసన బూడిదేసి రుద్దినా పోదు.
బాప్తిస్మంతో కూడా పోలేదు.
ఈ మాట రాయకు.

చీకటి పడ్డాక తాతియా ఇంట్లో కలిసేవాళ్ళం,
పదకొండుమందిమి. పళ్ళెం ఒక్కటే.
రొట్టె, ఉప్పుచేప, చేతిలో డబ్బాడితే కాసిని అత్తిపళ్ళు.
ఆ రాత్రి మానెస్ చెయ్యి చాపగానే
తాతియా చెల్లెలు ముక్కు మూసుకుందని
ఊరంతా చెప్పుకుంటారు.
అంతకు ముందే
నా చెయ్యి నేను వెనక్కి తీసుకున్నాను.
అది ఎవరూ చూడలేదు. అతను చూశాడు.

మరుసటి వారం తన చిప్ప తనే తెచ్చుకుని
గుమ్మం పక్కన కూర్చున్నాడు.
రమ్మని ఒక్కరం అనలేదు.
హాయిగా ఉందని కూడా అనుకున్నాం.

నాకే నిద్ర పట్టలేదు.
తాతియా చదువురానిది, రాయగలిగింది నేనే.
ఎఫెసులో ఉన్న పెద్దాయనకు రాశాను:
ఒక మనిషికి వేరే పళ్ళెం పెడితే తప్పా?
అంతే. ఒక్క వాక్యం.
పేరు రాయలేదు. ఏ మనిషో రాయలేదు.
నా చెయ్యి సంగతి అసలే రాయలేదు.

అందరూ దీన్ని ఉత్తరం, ఉత్తరం అంటారు.
ఉత్తరమంటే జవాబు కదా,
మరి ప్రశ్న ఏదని ఒక్కరూ అడగరేం?

మేయాండర్ నదికి వరదలొచ్చాయి ఆ ఏడు.
కంచరగాడిదల క్సాంథియాస్ దారిలో జబ్బుపడ్డాడు.
ఆరు రోజుల దారికి రెండు నెలలు పట్టింది.
పెద్దాయన మొదట తన దగ్గు గురించి రాశాడు,
చివర ఉన్ని మేజోళ్ళు పంపమన్నాడు.
మీ ప్రతుల్లో ఆ రెండూ లేవు. ఎవరు కొట్టేశారు?
మధ్యలో ఈ మాట.
నేనే గట్టిగా చదివాను, అందరూ ఏడ్చారు,
తాతియా చెల్లెలు అందరికంటే ఎక్కువ.

గుమ్మం పక్క చోటు ఖాళీగా ఉంది.
తొమ్మిది రోజుల ముందే
యజమాని అప్పుకింద అతన్ని
దొకిమెయోన్ పాలరాతి గనులకు అమ్మేశాడు.
అక్కడికి ఉత్తరాలు పోవు.
పోయినా చదివిపెట్టేవాళ్ళుండరు.

అదీ సంగతి.
నీ ఏడు ఆకాశాలు ఉంచుకో, వద్దనను,
నీలాంటివాళ్ళకు అవీ కావాలేమో.
అంచులో కాస్త జాగా ఉంటే మాత్రం
మానెస్ అని రాయి.
మసి అద్దేవాడు కాదు, మంజిష్ఠ అద్దేవాడు అని రాయి.

ఏమిటి, సిరా అయిపోయిందా?
కలుపుకో. ఆ చిప్పలోనే కలుపుకో.
అవును, అదే.
అంచు విరిగింది, జాగ్రత్త.

వాసన చూడకు.
ఏమీ రాదు.
నేను రోజూ చూస్తాను.